మీకు తెలుసా? ఇబ్రహీంపట్నం రింగ్ నుంచి బస్సు కదలనే కదలదట!

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర పొద్దున ఎనిమిది గంటలకు నిలబడితే చెవులు చిల్లులు పడతాయి. హైదరాబాద్ వైపు దూసుకుపోయే సూపర్ లగ్జరీలు, మైలవరం, తిరువూరు పల్లెవెలుగులు, థర్మల్ స్టేషన్ బూడిద లారీలు, బెజవాడ షేర్ ఆటోలు అన్నీ హారన్లు కొట్టుకుంటూ ఒకదాన్నొకటి తోసుకుపోతుంటాయి. అక్కడ నిలబడి "కదలిక అనేదే లేదండీ, అంతా మన భ్రమ" అని ఎవరైనా అంటే పాపం ఎండదెబ్బ తగిలిందనుకుంటాం. కానీ సుమారు 2,450 ఏళ్ల కిందట ఒకాయన ఆ మాటే అన్నాడు. ఊరికే అనలేదు, లెక్క వేసి మరీ చూపించాడు. ఆ లెక్కకు గణితం సరైన జవాబు చెప్పడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆయన పేరు జీనో. మనకు అంతకంటే విశేషం ఇంకొకటుంది. ఈ కృష్ణా తీరంతో పేరు ముడిపడిన ఆచార్యుడొకాయన దాదాపు అదే ప్రశ్న వేసి, పూర్తిగా వేరే చోట తేలాడు. ఆయన దగ్గరికి తర్వాత వద్దాం.

ఈ జీనో ఏథెన్స్ వాడు కాదు

గ్రీకు తత్వవేత్త అనగానే ఏథెన్స్ గుర్తొస్తుంది. జీనో పుట్టింది మాత్రం ఇటలీ దక్షిణ తీరాన గ్రీకులు వలస వచ్చి కట్టుకున్న ఎలియా అనే ఊళ్లో, క్రీ.పూ. 490 ప్రాంతంలో. చరిత్రలో ఇంకో జీనో కూడా ఉన్నాడు. స్టోయిక్ సంప్రదాయం మొదలుపెట్టిన ఆయనది సైప్రస్, కాలం చూస్తే నూటయాభై ఏళ్ల తర్వాతిది. ఇద్దరినీ కలిపేసి రాసేవాళ్లు నేటికీ ఉన్నారు.

మన జీనో గురువు పార్మెనిడీస్. ఉన్నది ఒక్కటే, అది మారదు, కదలదు, ముక్కలు కాదు అన్నది ఆయన సిద్ధాంతం. జనం ఎగతాళి చేశారు. శిష్యుడికి ఒళ్లు మండింది. కదలిక ఉందనే మీ మాటనే పట్టుకుని వెళ్తే ఇంతకంటే పెద్ద వింతల్లో పడతారని చూపించడానికి ఒక పుస్తకం రాశాడు. ప్లేటో తన 'పార్మెనిడీస్' సంవాదంలో ఈ గురుశిష్యులు ఏథెన్స్‌కు వచ్చినట్టు రాశాడు. అప్పటికి గురువుకు 65, శిష్యుడికి 40 ఏళ్లట. వాళ్లతో వాదనకు దిగిన కుర్రాడు సోక్రటీస్.

జీనో రాసిన ఆ పుస్తకం పోయింది. అందులో 40 వాదాలు ఉండేవని క్రీ.శ. 5వ శతాబ్దపు ప్రొక్లస్ చెప్పాడు. కదలిక మీద మనకు మిగిలినవి నాలుగు. అవి మిగలడానికి కారణం, వాటిని ఖండించాలని అరిస్టాటిల్ తన 'భౌతికశాస్త్రం' 6వ భాగంలో ఎత్తి రాయడమే. ఖండించినవాడి పుణ్యమా అని బతికి బట్టకట్టిన వాదాలివి.

బెజవాడ చేరాలంటే ముందు సగం దూరం చేరాలి

మొదటి చిక్కు ఇది. రింగ్ నుంచి బెజవాడ బస్టాండుకు లెక్క సులువుగా ఉండటానికి 16 కిలోమీటర్లు అనుకుందాం. బస్సు 16 కిలోమీటర్లు పోవాలంటే ముందు 8 పోవాలి. ఆ తర్వాత మిగిలిన దాంట్లో సగం, అంటే 4. తర్వాత 2, 1, అర, పావు... ఎంత పోయినా ఇంకా సగం మిగిలే ఉంటుంది. లెక్కలేనన్ని సగాలను దాటితే తప్ప బస్టాండు రాదు. లెక్కలేనన్ని పనులు ఎవరైనా పూర్తి చేయగలరా?

దీన్నే తిరగేస్తే ఇంకా ఘోరం. 8 కిలోమీటర్లు పోవాలంటే ముందు 4 పోవాలి, 4 పోవాలంటే 2, దానికి ముందు 1, దానికి ముందు అర. మొదట వేయాల్సిన అడుగు ఏదో తేలదు. అంటే బస్సు చేరకపోవడం కాదు, అసలు బయల్దేరదు. కండక్టర్ రైట్ రైట్ అన్నా సరే!

సగాలు చేస్తూ పోవడం ఎంత త్వరగా మనల్ని ఎక్కడికి తీసుకుపోతుందో చూడండి. 16 కిలోమీటర్లను 14 సార్లు సగం చేస్తే మిగిలేది మీటరు కంటే తక్కువ. 24వ సారికి మిల్లీమీటరు కంటే తక్కువ. 47వ సారికి ఒక పరమాణువు వెడల్పంత. 130వ సారికి భౌతిక శాస్త్రవేత్తలు ప్లాంక్ పొడవు అనే హద్దు కూడా దాటిపోతాం. అంతకంటే చిన్న దూరాల గురించి ఇప్పటి సూత్రాలు ఖాయంగా ఏమీ చెప్పలేవు. జీనో అడిగిన 'లెక్కలేనన్ని' సగాల్లో మనం చేయగలిగినవి కేవలం నూటముప్పై. ఆ తర్వాత ఉన్నదంతా కాగితం మీద గణితమే.

అరిస్టాటిల్ జవాబు తెలివైనది. దూరాన్ని ఎన్ని ముక్కలు చేస్తే కాలాన్ని కూడా అన్ని ముక్కలు చేయవచ్చు కదా, చిన్న ముక్కకు చిన్న కాలం చాలు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మధ్య బిందువులన్నీ దారిలో ముందే గుచ్చి పెట్టినట్టు ఉండవు, మనం అక్కడ ఆగితేనే బిందువు నిజంగా ఏర్పడుతుంది. గుంటుపల్లిలో ఆగని ఎక్స్‌ప్రెస్‌కు గుంటుపల్లి స్టాపు లేనట్టే అని మన భాషలో చెప్పుకోవచ్చు.

గణితం చెప్పే జవాబు ఇప్పుడు ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. సగం, పావు, అరపావు... ఇలా అంతం లేకుండా కూడినా మొత్తం ఒకటే అవుతుంది. దీనికి పక్కా నిర్వచనం ఇచ్చిన పుస్తకం ఫ్రాన్స్‌లో కోషీ 1821లో వేసింది. అయితే అంతకు మూడు శతాబ్దాల ముందే కేరళలో నీలకంఠ సోమయాజి తన ఆర్యభటీయ భాష్యంలో నాలుగోవంతు, అందులో నాలుగోవంతు, మళ్లీ అందులో నాలుగోవంతు అలా కూడుతూ పోతే మొత్తం మూడోవంతే ఎందుకవుతుంది, అంతకు మించి ఎందుకు పెరగదు అని ప్రశ్న వేసుకుని వివరించాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరుకు రెండు వాక్యాల చోటైనా ఇవ్వవచ్చు.

సగం చేయడం జీనో పని, రెట్టింపు చేయడం మన మల్లన పని

తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన 11వ శతాబ్దం వాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని ఆయన 'సారసంగ్రహ గణితం'గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం పలక మీద మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8 అంటూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎంత అనే లెక్కకు ఆయన పేరు మీద ఒక పద్యం ప్రచారంలో ఉంది. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె పొల్లు పోకుండా అంత సంఖ్యనూ ఛందస్సులో ఇరికించారు.

ఇప్పుడు అదే 64 సార్లను తిరగేసి, మన 16 కిలోమీటర్ల రోడ్డును 64 సార్లు సగం చేయండి. మిగిలే దూరం దాదాపు ఒక ప్రోటాన్ వ్యాసార్థమంత. చదరంగం పలక మీద ఉన్నన్ని గళ్లతోనే రోడ్డు కాస్తా పరమాణు కేంద్రకంలో పడిపోతుంది.

తాబేలును అరిస్టాటిల్ చూడలేదు

రెండో చిక్కు అందరికీ తెలిసిందే. వీరుడు ఎకిలీస్, తాబేలు పందెం వేసుకున్నారు. తాబేలుకు కొంత ముందు చోటు ఇచ్చారు. ఎకిలీస్ ఆ చోటికి వచ్చేసరికి తాబేలు కాస్త ముందుకు జరిగి ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఇంకాస్త. ఎప్పటికీ అందుకోలేడు. చిత్రమేమిటంటే అరిస్టాటిల్ రాసిన దాంట్లో తాబేలు లేదు. 'అందరికంటే నెమ్మదిగా పోయేది' అని మాత్రమే ఉంది. తాబేలును తర్వాతి వ్యాఖ్యాతలు దించారు. దించినవాళ్ల రసికత మెచ్చుకోవాలి, ఆ జంతువు లేకపోతే ఈ కథ ఇన్ని దేశాలు తిరిగేది కాదు. ఇబ్రహీంపట్నం పక్కనే ఉన్న కొండపల్లిలో పొణికి కర్రతో చేసే దశావతారాల బొమ్మల్లోనూ ఒక కూర్మం ఉంటుంది. జీనో కథ బొమ్మలాట కట్టాలనుకునేవాళ్లకు సగం సామాను అక్కడే దొరుకుతుంది.

మన రోడ్డు మీద లెక్క వేద్దాం. బెజవాడ వైపు పోయే ఆటో 6 కిలోమీటర్లు ముందుంది, వేగం గంటకు 30. వెనక బస్సు వేగం 60. బస్సు 6 కిలోమీటర్లు పోయేసరికి 6 నిమిషాలవుతుంది, ఈలోగా ఆటో 3 ముందుకు పోతుంది. ఆ 3 పోయేసరికి ఆటో ఒకటిన్నర, అది పోయేసరికి ముప్పావు. జీనో ఇక్కడే మనల్ని ఆపేస్తాడు. కానీ 6, 3, 1.5, 0.75 అలా కూడుతూ పోతే మొత్తం 12. అంటే 12వ కిలోమీటరు దగ్గర, సరిగ్గా 12 నిమిషాలకు బస్సు ఆటోను పట్టేస్తుంది. 13వ నిమిషానికి దాటి పోయి ఉంటుంది. జీనో చెప్పిన మజిలీలు అనంతమే, కానీ అవన్నీ ఆ 12 నిమిషాల్లోనే ఇమిడిపోయాయి. ఆయన మనల్ని 12వ నిమిషం దాటి చూడనివ్వలేదు, అంతే.

థర్మల్ టర్బైన్ ఒక క్షణంలో ఎంత తిరుగుతుంది?

మూడోది బాణం. నా లెక్కన నాలుగింట్లో ఇదే అసలైన మేకు. ఎగురుతున్న బాణాన్ని ఒక్క క్షణంలో చూడండి. ఆ క్షణంలో అది తన పొడవుకు సరిపడా చోటులో ఉంటుంది, అంతకు మించి లేదు. అంటే ఆ క్షణంలో కదలడం లేదు. కాలమంతా క్షణాలే కదా. ఏ క్షణంలోనూ కదలనిది ఎప్పుడు కదిలినట్టు?

ఇబ్రహీంపట్నం నుంచి చూస్తే కనిపించే ఆ పొగగొట్టాల కింద, నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979 నుంచి టర్బైన్లు తిరుగుతున్నాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి ఇలాంటి టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు, సెకనుకు 50 చుట్లు తిరగాలి. అంటే సెకనుకు 18,000 డిగ్రీలు. సెకనులో వెయ్యోవంతులో 18 డిగ్రీలు తిరుగుతుంది. పది లక్షలో వంతులో 0.018 డిగ్రీ. కాలం సున్నా అయితే తిరుగుడూ సున్నా. అక్కడిదాకా జీనో మాట నిజమే.

కానీ కాలాన్ని ఎంత తగ్గించినా, తిరిగిన డిగ్రీలను పట్టిన కాలంతో భాగిస్తే ఎప్పుడూ 18,000 వస్తుంది. 18ని వెయ్యోవంతుతో భాగించినా అంతే, 0.018ని పది లక్షలో వంతుతో భాగించినా అంతే. రెండూ సున్నా వైపు జారిపోతున్నా వాటి నిష్పత్తి చెక్కుచెదరదు. ఆ నిష్పత్తినే ఆ క్షణపు వేగం అంటున్నాం. క్షణంలో కదలిక ఉండదు, క్షణానికి వేగం ఉంటుంది. కలన గణితం అంతా ఈ చిన్న మెలిక మీదే నిలబడింది.

ఈ మెలిక మన జ్యోతిర్గణితానికి కొత్త కాదు. రెండో భాస్కరాచార్యుడు 1150 నాటి 'సిద్ధాంత శిరోమణి'లో గ్రహాలకు 'తాత్కాలిక గతి' లెక్కగట్టాడు. చంద్రుడి వేగం గంటగంటకూ మారుతుంది. రోజు మొత్తానికి సగటు వేగం తీసుకుంటే తిథి ముగిసే ఘడియ తప్పుతుంది. అందుకని ఆ క్షణానికి ఎంత వేగమో కావాలి. ఎలియా వాడిని ఓడించాలని కాదు, పంచాంగం తప్పకూడదని ఆ లెక్క పుట్టింది.

అన్నట్టు, జీనో బాణాన్ని సినిమాతో పోల్చినవాడు ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్. 1907లో వేసిన పుస్తకంలో, మన బుద్ధి ప్రపంచాన్ని సినిమా రీలులా నిశ్చల చిత్రాలుగా కోసి చూస్తుందని, చిక్కు అక్కడే మొదలవుతుందని ఆయన అన్నాడు. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల దగ్గరి నుంచి రేకు పెట్టెల్లో రీళ్లు ఊళ్లకు వెళ్లిన కాలం బెజవాడ వాళ్లకు బాగా గుర్తు. సెకనుకు 24 బొమ్మల చొప్పున రెండున్నర గంటల సినిమాకు 2,16,000 బొమ్మలు. ఒక్క బొమ్మలో కూడా ఎన్టీవోడి బాణం కదలదు. హాల్లో మాత్రం ఈలలే ఈలలు.

నాలుగోది కొండపల్లి స్టేషన్లో చూడొచ్చు

దీని గురించి ఎక్కువ చెప్పను. ఒక రైలు ఆగి ఉంది, దాని పక్కన రెండు రైళ్లు ఎదురెదురుగా ఒకే వేగంతో పోతున్నాయి. ఆగి ఉన్న రైలు పెట్టె ఒకటి దాటే కాలంలో ఎదురు రైలు పెట్టెలు రెండు దాటిపోతాయి. అయితే సగం కాలం, మొత్తం కాలం సమానమన్నమాటేగా అన్నాడట జీనో. సాపేక్ష వేగం తెలిసిన తొమ్మిదో తరగతి కుర్రాడు కూడా దీన్ని విడదీస్తాడు. అరిస్టాటిల్ చెప్పిందే నిజమైతే జీనో ఇక్కడ తప్పటడుగు వేశాడు. కాలానికి ఇక విడగొట్టలేని కణాలు ఉంటాయనేవాళ్ల మీద ఎక్కుపెట్టిన వాదం ఇదని సమర్థించేవాళ్లూ ఉన్నారు.

కృష్ణ ఒడ్డు ప్రశ్న: నడిచేవాడు నడుస్తాడా?

ఇక అసలు విషయానికి వద్దాం. క్రీ.శ. 2వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదట్లో బతికినట్టు చెప్పే ఆచార్య నాగార్జునుడు మాధ్యమిక బౌద్ధానికి ఆద్యుడు. ఆయన ప్రధాన గ్రంథం 'మూలమధ్యమక కారిక'లో 27 ప్రకరణాలు. అందులో రెండోదాని పేరు 'గతాగత పరీక్ష'. మొత్తం 25 శ్లోకాలూ కదలిక మీదే.

ఆయన వాదాన్ని మన రోడ్డు మీదికే తెచ్చుకుందాం. మీరు రింగ్ నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న ఫెర్రీ వైపు నడుస్తున్నారు. నడిచేసిన దారిలో ఇప్పుడు నడక లేదు, అది అయిపోయింది. నడవబోయే దారిలోనూ లేదు, అది ఇంకా మొదలవలేదు. మరి నడక ఎక్కడుంది? 'ఇప్పుడు నడుస్తున్న చోట' అంటారా? ఆ చోటును చూపించండి అంటాడాయన. 7వ శతాబ్దపు వ్యాఖ్యాత చంద్రకీర్తి దీన్ని పాదం దాకా తీసుకొచ్చాడు. బొటనవేలి కొనన ఉన్న పరమాణువునే తీసుకోండి. దాని వెనక ఉన్నదంతా నడిచేసిన దారి, దాని ముందున్నదంతా నడవని దారి. రెంటికీ మధ్య మూడో చోటు లేదు. ముక్కలు చేయడంలో జీనో ఎంత దూరం పోయాడో చంద్రకీర్తీ అంత దూరం పోయాడు.

నాగార్జునుడు దారితో ఆగలేదు, నడిచేవాడి దగ్గరికి వచ్చాడు. జీనోకు తట్టని చోటు ఇదే. 'నడిచేవాడు నడుస్తున్నాడు' అంటాం. అందులో నడకలు ఎన్ని? అతన్ని నడిచేవాణ్ణి చేసిన నడక ఒకటి, అతను ఇప్పుడు చేస్తున్న నడక ఇంకొకటి. రెండు నడకలుంటే ఇద్దరు నడిచేవాళ్లు కావాలి, ఎందుకంటే నడిచేవాడు లేకుండా నడక ఉండదు. పోనీ నడవనివాడు నడుస్తాడా? అది ఎలాగూ కుదరదు. నడిచేవాడూ కాక, నడవనివాడూ కాక మూడోవాడెవడు?

మరి నడక ఎక్కడ మొదలైంది? నిలబడి ఉన్నప్పుడు నడిచిన దారీ లేదు, నడుస్తున్న దారీ లేదు. నడవని దారిలో నడక మొదలవ్వదు. సరే, నడక లేదని తేల్చేశాడు కాబట్టి నిలబడటం ఉందనుకుంటాం. అదీ వదల్లేదు. నడిచేవాడు నిలబడడు, నడవనివాడికి నిలబడటం అనే కొత్త పని లేదు.

ఇక్కడే ఇద్దరి దారులూ విడిపోయాయి. జీనో కదలికను కొట్టేసి, గురువుగారి కదలని 'ఒక్కటి'ని నిలబెట్టాలనుకున్నాడు. నాగార్జునుడు కదలికనూ, నిలకడనూ రెంటినీ కొట్టేశాడు. ఆయన చెప్పదలచింది నడక అబద్ధమని కాదు. నడిచేవాడు, నడక, దారి ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి ఉన్నాయి తప్ప, దేనికదిగా, తనంతట తానుగా ఏదీ లేదని. ఆయన శూన్యత అంటే ఇది. నిత్యవ్యవహారంలో నడక ఉందని ఒప్పుకుంటాడు. వ్యవహార సత్యాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థం బోధపడదని అదే గ్రంథం 24వ ప్రకరణంలో చెప్పాడు.

అందుకే డయోజనీస్ మందు ఈయన మీద పనిచేయదు. కదలిక లేదన్న వాదం విని ఆ గ్రీకు విరాగి మాట్లాడకుండా లేచి అటూ ఇటూ నడిచాడని ఒక కథ. జీనోకు అది చెంపపెట్టే కావచ్చు. నాగార్జునుడైతే అలాగే నడవవయ్యా, నేను కాదన్నానా అనేవాడు.

1976లో మార్క్ సిడెరిట్స్, జె. డెర్విన్ ఓబ్రయన్ అనే ఇద్దరు పండితులు ఈ ఇద్దరి వాదాలనూ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసమే రాశారు. అది చదివాక గ్రీకుల ప్రశ్న ఓడెక్కి మనకు వచ్చిందా అనే ఉబలాటం ఎవరికైనా పుడుతుంది. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికిన మాట నిజం. మచిలీపట్నం ప్రాంతపు రేవులను గ్రీకు నావికులు రాసుకున్న మాటా నిజం. కానీ నాణెం వచ్చిందని వాదం కూడా వచ్చిందనడం అతి. లోతుగా ఆలోచిస్తే ఈ ప్రశ్న ఎవరికైనా తగులుతుంది. చైనాలోనూ తగిలింది. అడుగు పొడవు కర్రను రోజుకు సగం చొప్పున విరుస్తూ పోతే యుగాలు గడిచినా అయిపోదనీ, ఎగిరే పక్షి నీడ కదలదనీ అక్కడి తార్కికులు అన్నట్టు 'చువాంగ్ ట్జు' గ్రంథం చివరి ప్రకరణంలో ఉంది.

జగ్గయ్యపేట రాతి మీద ఆ పేరు

నాగార్జునుడు పుట్టింది ఎక్కడన్న దాని మీద వాదాలున్నాయి, విదర్భ అనేవాళ్లు ఎక్కువ. శాతవాహన రాజుకు ఆయన రాసిన లేఖ 'సుహృల్లేఖ'ను భారతదేశంలో పిల్లలు చదువు మొదట్లోనే కంఠస్థం చేస్తారని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. శ్రీపర్వతంతో, అంటే నేటి నాగార్జునకొండతో ఆయనకున్న బంధం సంప్రదాయం చెప్పే మాట.

రాతి మీద చెక్కిన సాక్ష్యం మాత్రం మనకు బాగా దగ్గర్లో దొరికింది. హైదరాబాద్ రోడ్డు మీద జగ్గయ్యపేటలో ధనంబోడు అనే దిబ్బ బౌద్ధ స్తూపమని తేలింది. అక్కడి బుద్ధ విగ్రహం మీద ఒక శాసనం ఉంది. భదంత నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు ఆ విగ్రహాన్ని చేయించినట్టు అందులో ఉంది. జేమ్స్ బర్జెస్ 1887లో అచ్చు వేసిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల గ్రంథంలో దీన్ని చూడవచ్చు. లిపిని బట్టి అది 6వ శతాబ్ది ప్రాంతానిది. అంటే మన తార్కికుడికి మూడు, నాలుగు వందల ఏళ్ల తర్వాతిది. కాబట్టి ఇది ఆ నాగార్జునుడే అని చెప్పడం కష్టం. అదే పేరున్న మరో ఆచార్యుడు కావచ్చు, లేదా గురుపరంపరలో మూలపురుషుడిగా తలచుకున్నదీ కావచ్చు. ఏదైనా ఆ పేరుకు ఈ నేల మీద అంత గౌరవం ఉందన్నది శాసనం చెబుతోంది.

ఇంకో పేరు భావవివేకుడు. 6వ శతాబ్దం వాడు. నాగార్జునుడి కారికకు 'ప్రజ్ఞాప్రదీపం' అనే వ్యాఖ్య రాశాడు. కదలిక ప్రకరణం మీద కూడా ఆయన తన తర్కాన్ని నడిపించాడు. సంస్కృత మూలం పోయి, టిబెటన్, చైనీస్ అనువాదాలు మాత్రం మిగిలాయి. 639 ప్రాంతంలో ధాన్యకటక దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్, నగరానికి దక్షిణంగా ఉన్న కొండ చరియలో భావవివేకుడు మైత్రేయ బుద్ధుడి రాక కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడనే కథను రాసుకున్నాడు. కదలిక గురించి వాదించినవాడు కొండలో కదలకుండా కూర్చోవడం కథకుల చమత్కారమో ఏమో! ఆ ధాన్యకటకమే అమరావతి పక్కనున్న ధరణికోట. ఫెర్రీ దగ్గర నిలబడి చూస్తే నదికి అవతలి ఒడ్డున, ఎగువన.

ఒక్క వడ్ల గింజ పడితే చప్పుడవుతుందా?

జీనోది కదలికకు సంబంధం లేని చిక్కు ఒకటి డెల్టా రైతుకు బాగా నచ్చుతుంది. ఒక్క గింజ నేల మీద పడితే చప్పుడు రాదు. బస్తా పడితే ధన్ మంటుంది. చప్పుడు చేయని గింజలన్నీ కలిస్తే చప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? సాంబమసూరి వడ్లు వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి. 75 కిలోల బస్తాలో దాదాపు 50 లక్షల గింజలు. ఒక్కో గింజ చప్పుడు సున్నా అయితే 50 లక్షల సున్నాలు కూడినా సున్నాయే. అరిస్టాటిల్ దీనికి మొత్తం కదిలించే గాలిని అందులో ఒక చిన్న భాగం విడిగా కదిలించలేకపోవచ్చు అని జవాబు చెప్పాడు. ఇప్పటి మాటల్లో, గింజ చప్పుడు సున్నా కాదు, మన చెవికి అందేంత లేదు. మంచి మైకు పెడితే వినిపిస్తుంది.

చూస్తూ ఉంటే అణువు మారదు

జీనో పేరు 1977లో మళ్లీ వార్తల్లోకొచ్చింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో కేరళకు చెందిన ఇ.సి.జి. సుదర్శన్, బైద్యనాథ్ మిశ్రా కలిసి క్వాంటం సిద్ధాంతంలో ఒక వింతను లెక్కగట్టి దానికి జీనో పేరు పెట్టారు. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారబోతున్న కణాన్ని మళ్లీ మళ్లీ, చాలా తక్కువ వ్యవధిలో కొలుస్తూ ఉంటే అది మారడమే నెమ్మదిస్తుంది. ఎడతెగకుండా కొలిస్తే అక్కడే నిలిచిపోవాలి. పొయ్యి మీద పాలను కళ్లార్పకుండా చూస్తూ నిలబడితే పొంగవు, ఇటు తిరిగితే పొంగుతాయి అనే వంటింటి అనుభవం లాంటిదే, కాకపోతే ఇక్కడ చూపు నిజంగానే పని చేస్తుంది. 1990లో అమెరికా ప్రమాణాల సంస్థలో ఇటానో బృందం బెరీలియం అయాన్ల మీద ప్రయోగం చేసి, ఎక్కువసార్లు కొలిచేకొద్దీ మార్పు తగ్గడం చూపించింది. కదులుతున్న దాన్ని ఆపే మార్గం ఒకటుందని 24 శతాబ్దాల తర్వాత తేలింది. జీనో వాదం నెగ్గిందని మాత్రం కాదు. పేరు బాగా అతికింది.

రెండు ముక్కల్లో ఇంకొన్ని

ఒక సెంటీమీటరు గీతలో ఎన్ని బిందువులుంటాయో, రింగ్ నుంచి బెజవాడ దాకా ఉన్న రోడ్డు మీదా సరిగ్గా అన్నే ఉంటాయి. 1870లలో జర్మన్ గణితజ్ఞుడు కాంటర్ అనంతాలను లెక్కగట్టడం మొదలుపెట్టాక ఇలాంటి వింతలు చాలా బయటపడ్డాయి. అనంతాల్లో కూడా చిన్నవీ పెద్దవీ ఉన్నాయని నిరూపించినందుకు తోటి గణితజ్ఞులే ఆయన మీద కారాలు మిరియాలు నూరారు.

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర ఒక జాతీయ రహదారి ముగుస్తుంది. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయల్దేరే 30వ నంబరు రహదారి రాయ్‌పూర్, జగ్దల్‌పూర్, భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు మీదుగా వచ్చి ఇక్కడ ఆగుతుంది. జీనో మాటే నిజమైతే ఆ దారిన ఒక్క లారీ కూడా రింగ్‌కు చేరి ఉండకూడదు. పండగ రోజుల్లో ట్రాఫిక్ చూస్తే ఆయనదే నిజమేమో అనిపించే మాట వేరు.

నన్నడిగితే ఈ ఇద్దరిలో నాగార్జునుడిది లోతైన ప్రశ్న. జీనో సగాలను గణితం కూడి పారేసింది, బాణాన్ని కలన గణితం లొంగదీసింది. 'నడిచేవాడు' అనే మాటకు నడక లేకుండా అర్థముందా అన్న ప్రశ్నను మాత్రం ఏ సూత్రమూ కూడలేదు. లెక్కల మాస్టర్లకు ఒక మనవి. గుణశ్రేఢులు చెప్పే రోజున బోర్డు మీద సగం, పావు, అరపావు రాసేముందు పిల్లలకు జీనో బస్సు కథ చెప్పండి, పావులూరి మల్లన 64 గళ్లు వేయించండి. వీలైతే ఒక ఆదివారం జగ్గయ్యపేట స్తూపం దాకా తీసుకెళ్లండి. రింగ్ నుంచి గంటన్నర లోపు ప్రయాణమే.